ముద్ర లేని ఇనుము: బస్తరు కొలిమియు, స్క్రూ స్పానరును

బస్తరు సీమలో ఇనుముతో చేసిన వస్తువులు లెక్కకు మిక్కిలి. బాణపు ములుకులు, గొడ్డళ్లు, కొడవళ్లు, నాగలి కర్రులు, గొలుసులు, త్రిశూలములు, దేవతల ముంగిట వెలిగించు కొమ్మల దీపములు: వీనిలో దేనిమీదను సాధారణముగా చేసినవాని పేరు కానరాదు. ఊరి కమ్మరిని ఊరంతయు ఎరుగును. ఎరిగినవాని పేరు వస్తువుపై చెక్కవలసిన అవసరము ఎవరికిని తోచలేదు. వస్తువు ఊరి పొలిమేర దాటి సంతకో, పట్టణపు దుకాణమునకో, వస్తుప్రదర్శనశాలకో చేరినప్పుడు మాత్రమే చిక్కు మొదలగును. అప్పుడు దాని ప్రక్కన చిన్న చీటీ వెలయును. ఆ చీటీపై ఊరు లేదా జిల్లా పేరుండును; మనిషి పేరుండదు.

ఈ చిక్కు కేవలము కొలిమి పనికే పరిమితమైనది కాదు. మోటారు లారీలు, కోతమిల్లులు, గనులు, రైలుమార్గము అను వానివెంట మరియొక జాతి ఇనుము ఈ అడవులలో ప్రవేశించినది. అందులో ఒకటి స్క్రూ స్పానరు. వర్కుషాపులలో పనివారు పానా అని పిలుచు పనిముట్ల కుటుంబములోనిదే ఇది. ఒక దవడ కదలక నిలిచి యుండును. రెండవ దవడను బొటనవ్రేలితో మరచక్రము త్రిప్పి ముందుకు వెనుకకు జరుపవచ్చును. ఒక్క పనిముట్టుతో పలు కొలతల నట్లను బిగించుట దీని ప్రయోజనము. పాతది, త్రుప్పు పట్టినది, ఎట్టి అక్షరమును లేనిది అయిన స్క్రూ స్పానరు ఇటువంటి చోట దొరికినచో దానిని చేసినదెవరని నిర్ణయించుట ఎట్లు? నునుపుగా ఉన్నచో “విలాయతీ సరకు” అనియు, మోటుగా ఉన్నచో “ఇక్కడి కమ్మరి పని” అనియు చెప్పివేయుట లోకరీతి. ఈ రెండు తీర్పులును తొందరపాటు తీర్పులే. చరిత్ర పరిశోధకుడు శిలాశాసనమును ఎంత ఓర్పుతో చదువునో, ముద్ర లేని ఇనుమును కూడ అంత ఓర్పుతో చదువవలసి యున్నది.

ముందుగా ఆ పనిముట్టు పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట అవసరము. మరతో దవడను జరుపు పానాలకు 19వ శతాబ్ది మధ్యభాగము ముఖ్యకాలము. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున వూస్టరు పట్టణవాసి లోరింగ్ కోస్ 1841లో అట్టి దానికి పేటెంటు పొందెను. ఇంచుమించు అదే కాలమున, 1842 ప్రాంతమున, ఇంగ్లండులో రిచర్డ్ క్లైబర్ను అను ఇంజనీరు మరియొక రూపమును తీర్చెను. నేడు మనము చూచు, తలకు ప్రక్కగా మరచక్రము గల రూపమునకు స్వీడను దేశమునందలి ఎన్‌షోపింగు పట్టణపు యోహాన్ పెట్టర్ యోహాన్సన్ 1892లో పేటెంటు పొందెను. ఆ సరకును అమ్మిన బి.ఎ. యోర్టు కంపెనీ పేరులోని అక్షరములనుండియే “బాహ్కో” అను ముద్ర పుట్టినది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు జేమ్స్‌టౌనులో 1907లో వెలసిన క్రెసెంట్ టూల్ కంపెనీ ఈ రూపమును ఎంత ప్రచారము చేసినదనగా, ఎవరు చేసిన స్పానరునైనను అక్కడివారు “క్రెసెంటు” అనియే పిలువసాగిరి.

ఇక్కడనే మొదటి హెచ్చరిక దొరకుచున్నది. వాడుకలోని పేరు వేరు, చేసినవాని పేరు వేరు. అమెరికాలో పాత స్క్రూ స్పానరును “మంకీ రెంచి” అందురు. మాంకీ అను ఇంటిపేరుగల ఒకడు దానిని కనిపెట్టుటచే ఆ పేరు వచ్చినదని ఒక కథ పుట్టినది. కాని ఆ కథలో చెప్పు కాలమునకు ముందే ఆ మాట అచ్చులో వాడుకయందుండెను. ప్రపంచ ముష్టియుద్ధ వీరుడైన జాక్ జాన్సన్, నల్లజాతివాడగుటచే, ఆయనను అవమానించుటకు ఆ పేరు పెట్టిరని మరియొక కథ. జాన్సన్ ఒక రెంచికి మెరుగులు దిద్ది 1922లో పేటెంటు పొందిన మాట నిజమే. కాని ఆ పేరు ఆయన పుట్టుకకు ముందునాటిది. ఒక సత్యమునకు ఒక ఊహను అతికించినచో ఎంత నమ్మదగిన అసత్యము తయారగునో ఈ కథలు చాటుచున్నవి. ముద్ర లేని వస్తువుల విషయమున ఇట్టి అతుకులే ఎక్కువ.

అసలు ముద్ర ఎందుకు ఉండదు? దీనికి కారణములు పలువిధములు. యంత్రమును అమ్మినప్పుడు దానితోపాటు సంచిలో ఇచ్చు పనిముట్లపై కొందరు తయారీదారులు పేరు వేయకుండిరి. టోకు వర్తకులు తమ ముద్ర తాము వేసికొనుటకు వీలుగా ఖాళీ సరకును చేయించుకొను ఆచారమును ఉండెను. వాడకములో అరిగిపోయిన ముద్రలు కొన్ని, ఒక చేతినుండి మరియొక చేతికి మారినప్పుడు ఆకురాయితో రాచివేసినవి కొన్ని. వీనికి తోడు చట్టము కూడ ఒక కారణమైనది. 1887నాటి బ్రిటిషు సరకుముద్రల చట్టము ప్రకారము, విదేశపు సరకుపై బ్రిటిషు వర్తకుని పేరున్నచో అది ఏ దేశపుదో కూడ దానిపై తెలుపవలసి వచ్చినది. అదే దారిలో మన దేశమున 1889లో సరకుముద్రల చట్టము వెలసినది. పేరున్నచో దేశము చెప్పవలెను. పేరే లేనిచో ఆ బాధ తప్పును. మోసమును అరికట్టుటకు పుట్టిన నియమమే కొందరికి మౌనము వహించుటకు అవకాశ మిచ్చినది. ఇందుకు భిన్నముగా అమెరికాలో 1890నాటి సుంకపు చట్టము దిగుమతి సరకుపై పుట్టిన దేశము పేరు ఉండవలెనని శాసించెను. కావున ముద్ర లేకుండుట కూడ ఒక సాక్ష్యమే. అది తక్కువ సరకనుటకు సాక్ష్యము కాదు. అది నడచిన వర్తకపు దారికి సాక్ష్యము.

ఇక వస్తువును చదువు పద్ధతి. మొదట రూపము పొందిన విధము చూడవలెను. పోతపోసిన ఇనుమునకు అచ్చు రెండు భాగములు కలిసినచోట సన్నని గీత నిలుచును. ఉపరితలము ఇసుక రేణువుల గరుకుతో ఉండును. యంత్రపు సమ్మెట క్రింద ఉక్కు అచ్చులలో నొక్కిన దానికి అంచుల చుట్టు వెడల్పయిన పట్టీ వంటి జాడ, దానిని ఆకురాయితోనో సానతోనో తీసివేసిన గుర్తులు ఉండును. దాగలిమీద చేతి సమ్మెటతో సాగగొట్టిన దానికి ఈ రెండును ఉండవు. దానిపై చిన్నచిన్న పలకలుగా దెబ్బల ముఖములు, ఎడమకుడి వైపులలో స్వల్పమైన తేడాలు కానవచ్చును. రెండవది పూత. నికెలు పూత 19వ శతాబ్దిలోనే వాడుకకు వచ్చినది; క్రోమియము పూత 1920ల చివరనుండి ప్రబలినది. అసలు క్రోము పూత ఉన్న పనిముట్టును విక్టోరియా రాణి కాలమునకు నెట్టుట సాధ్యము కాదు. పూత లేకుండుట మాత్రము ఏ కాలమునైనను రుజువు చేయదు.

మూడవది మరల కొలత. మరచక్రమును నిలిపియుంచు చిన్న మేకును విప్పి చూచినచో అందులో దేశముల చరిత్ర కానవచ్చును. ఇంగ్లండులో జోసెఫ్ విట్వర్తు 1841లో ప్రతిపాదించిన పద్ధతిలో మరపళ్ల నడుమ కోణము 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్సు 1864లో ప్రతిపాదించిన పద్ధతిలో అది 60 డిగ్రీలు. అరంగుళపు మేకుకు మొదటి పద్ధతిలో అంగుళమునకు 12 మరలు, రెండవ పద్ధతిలో 13 మరలు. కాని పావు అంగుళపు మేకుకు రెండింటిలోను 20 మరలే! చిన్న మేకును చూచి మరలు లెక్కించి ఊరకొన్నవాడు మోసపోవును. కోణమును కూడ కొలిచినవాడే నిలుచును. అప్పుడైనను తెలియునది మేకు ఏ పద్ధతి ననుసరించినదనియే. మేకు ఊడిపోయి దొరికిన దానితో మార్చుట ప్రతి వర్కుషాపులోను జరుగు పనియే కదా.

నాలుగవది లోహపు స్వభావము. బస్తరు చరిత్ర ఇక్కడ అడుగు పెట్టుచున్నది. మధ్యభారతపు అడవులలో ఇనుమును కరగించిన విధానము నేటి ఉక్కు కర్మాగారపు విధానము కాదు. మట్టితో కట్టిన చిన్న కొలిమిలో ముడిఖనిజమును, కట్టెబొగ్గును వేసి తిత్తులతో గాలి ఊదుదురు. ఆ వేడికి ఇనుము నీరై పారదు. మెత్తని ముద్దగా అడుగున నిలుచును. ఆ ముద్దను ఎర్రగా ఉండగనే సమ్మెటలతో మోది, అందులోని చిట్టెమును వెలికి తీయుదురు. ఎంత మోదినను చిట్టెము కొంత లోపల మిగిలి, సాగగొట్టినకొలది సన్నని దారములవలె పరచుకొనును. బస్తరునకు ఉత్తరముగా మైకల్ కొండలలో ఈ వృత్తితో బ్రతికిన అగరియా జాతినిగూర్చి వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పెద్ద గ్రంథమునే వెలువరించెను. కొలిమిపై పన్ను, బొగ్గుకు కట్టె కొట్టుటపై అటవీ నిబంధనలు, చౌకగా దిగిన కర్మాగారపు ఇనుము: ఈ మూడును కలిసి ఆ వృత్తిని కుదించివేసినవి.

ఉపరితలమును రుద్ది ఆమ్లముతో తడిపినచో పీచువంటి చారలు కనబడినంత మాత్రమున ఆ ఇనుము బస్తరుదని చెప్పరాదు. 1784లో హెన్రీ కార్టు పేటెంటు పొందిన ఇంగ్లీషు పద్ధతిలో చేసిన మెత్తని ఇనుమునకును అట్టి పీచు ఉండును. 1856లో బెస్సెమరు ప్రకటించిన పద్ధతి తరువాత విరివిగా వచ్చిన ఉక్కునకు అది ఉండదు. దానిలో బుద్ధిపూర్వకముగా కలిపిన మాంగనీసు మాత్రము ఉండును. కావున పీచు ఉండి, మాంగనీసు అత్యల్పముగా ఉన్నచో పాత పద్ధతి ఇనుమని చెప్పవచ్చును. అంతకుమించి చెప్పుటకు మరికొంత సాక్ష్యము కావలెను.

ఇంతటితో ఆగినచో అసలు మెలిక తప్పిపోవును. లోహము పుట్టిన చోటు వేరు, అది రూపు పొందిన చోటు వేరు. బస్తరు కమ్మరులు నేడు ఖనిజమును కరగించుట లేదు. బజారులో దొరకు పాత ఇనుమును కొనితెచ్చి కొలిమిలో పెట్టి మలచుచున్నారు. ఎక్కడి లారీ ముక్కయో, ఎక్కడి పలకయో వారి సమ్మెట క్రింద లేడిగను, దీపముగను మారుచున్నది. లోహమును మాత్రమే పరీక్షించినవాడు ఆ లేడిని భిలాయిలోనో జంషెడ్పూరులోనో పుట్టినదనును. దెబ్బల జాడను చూచినవాడు కొండగావ్ పరిసరములలో పుట్టినదనును. ఇద్దరిలో రెండవవానిదే చేసినవాని గూర్చిన మాట.

స్క్రూ స్పానరు విషయమున ఈ వివేచన మరింత అవసరము. ఊరి కొలిమిలో పిడిని సాగగొట్టవచ్చును, దవడను మలచవచ్చును, రంధ్రము పొడువవచ్చును. కాని మరచక్రపు పళ్లు దవడ పళ్లతో సరిగా కూడునట్లు కోయుటకు లేతు యంత్రమో, అట్టి కొలత గల పరికరమో కావలెను. కావున మొత్తము పనిముట్టు గ్రామపు కొలిమిలోనే పుట్టినదనుట అరుదుగా మాత్రమే నిలుచును. విరిగిన పిడిని అతికినది, అరిగిన దవడకు ఉక్కు ముక్క చేర్చినది, పోయిన మేకుకు మారుగా రివెట్టు కొట్టినది గ్రామపు కమ్మరి అగుటకు మాత్రము ఎట్టి అడ్డును లేదు. అట్టి పనిముట్టుకు కర్త ఒక్కడు కాడు. ఒకడు పుట్టించినవాడు, మరియొకడు బ్రతికించినవాడు. కేటలాగులలో మొదటివాని కొరకు వెదకుచు రెండవవానిని మరచుట న్యాయము కాదు. స్వాతంత్ర్యానంతరము జలంధరు, లూధియానా పట్టణములలో చేతి పనిముట్ల పరిశ్రమ విస్తరించుటచే, దేశీయ కర్మాగారపు సరకు అను మూడవ అవకాశమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

బస్తరునకు ఇట్టి సరకు చేరిన దారులును ఆలోచింపదగినవే. 1900లో రాయపూరునుండి ధంతరి వరకు చిన్నరైలు నడచినది. అచ్చటనుండి దక్షిణమునకు రోడ్డుదారియే. వృషభము మూపురమువలె ఉన్నదని పేరొందిన బైలడిల్లా కొండల ఖనిజమునకై 1960లో జపానుతో ఒప్పందము కుదిరిన పిదప, కొత్తవలసనుండి అరకు కనుమల మీదుగా కిరందులు వరకు రైలుమార్గము వేసిరి. 1968లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ అక్కడ త్రవ్వకము సాగించెను. ఆ ఖనిజము విశాఖపట్టణపు రేవునకు దిగినది. ఆ దారినే యంత్రములు, పనిముట్లు కొండలెక్కినవి. కావున అక్కడ దొరకు పాత స్పానరు వయస్సును, అది బస్తరులో అడుగుపెట్టిన వయస్సును ఒకటిగా భావించరాదు. 1910లో చేసినది 1965లో కొండెక్కి యుండవచ్చును.

తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. తెలంగాణమున పూర్వపు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు వండెడివారు. 1820లకు ముందువెనుకల ఆ పనిని కన్నులార చూచిన హెన్రీ వాయిజీ వ్రాత, ఆయన మరణానంతరము 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. రెండు విధముల ఇనుములను కలిపి మూసలో మూసి వండుటను ఆయన వర్ణించెను. ఆ ఉక్కును కొనుటకు పర్షియా వర్తకులే స్వయముగా వచ్చెడివారు. అట్టి దక్షిణదేశపు ఉక్కుతో చేసిన కత్తులకు లోకములో నిలిచిన పేరు మాత్రము “డమాస్కసు”. అమ్మిన నగరము పేరు మిగిలినది. వండినవాని ఊరు పేరు మరుగున పడినది. వండినవాని పేరు ఎవరును అడుగనేలేదు.

బస్తరులోని రాతి సాక్ష్యమును ఇట్లే పలుకుచున్నది. బారసూరులో శక 983, అనగా క్రీ.శ. 1060-61 నాటి తెలుగు శాసనము కలదు. ఛిందక నాగవంశపు జగదేకభూషణుని కాలమున తెలుగు చోడ సామంతుడైన చంద్రాదిత్యుడు శివాలయము కట్టించి, చెరువు త్రవ్వించి, ఆ చెరువునకు తన పేరే పెట్టెను. కట్టించినవాని పేరు తొమ్మిది శతాబ్దములకు పైగా నిలిచినది. ఉలి పట్టినవాని పేరు ఆ కీర్తిలో పాలు పంచుకొనలేదు. ఇక కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడైన అన్నమరాజు బస్తరున రాజ్యము స్థాపించెనని చెప్పు దంతెవాడ శాసనము దిక్పాలదేవుని కాలపుది, 1703 నాటిది. ఓరుగల్లు పతనమైన 1323 తరువాత 380 ఏండ్లకు చెక్కిన మాట. అంతటి రాతి సాక్ష్యమునైనను “చెప్పిన మాట ఇది, చెప్పిన కాలము ఇది” అని విడదీసి చదువుట చరిత్రకారుని ధర్మము. ఒక ఇనుప పానాకు ఆ మర్యాద తగ్గింపవలసిన పని లేదు.

కావున ముద్ర లేని వస్తువునకు వ్రాయు చీటీలో నిశ్చయపు మెట్లు స్పష్టముగా ఉండవలెను. “ఈ పద్ధతిలో చేసినది” అనుట మొదటి మెట్టు. “ఈ కాలమునకు ముందుది కాదు” అనుట రెండవది. “ఈ దేశపు కొలత ననుసరించినది” అనుట మూడవది. “ఈ కర్మాగారపుది” అనుటకు పేటెంటు చిత్రముతోనో, ముద్ర ఉన్న మరియొక నమూనాతోనో అణువణువు పోల్చి చూపవలెను. ఏ మెట్టుపై సాక్ష్యము ఆగునో కలమును అక్కడనే ఆగవలెను. మరమ్మతు జాడలకు వేరొక పంక్తి ఉండవలెను. అది కూడ మనిషి చేతి చరిత్రయే.

ఇది కేవలము పాత వస్తువుల ముచ్చట కాదు. 1999నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద బస్తరు ఇనుప పనికి గుర్తింపు లభించినది. దానివలన సీమ పేరునకు రక్షణ కలిగినది. పరాయిచోట చేసినదానిని బస్తరుదని అమ్ముటకు అడ్డు ఏర్పడినది. అది మెచ్చదగిన పని. కాని ఆ ముద్ర సీమకు చెందినది, వ్యక్తికి చెందినది కాదు. దసరాకు జగదల్పూరున ఏటేటా కొత్తగా రథము కట్టు వడ్రంగులు, దానికి ఇనుప పని చేయు కమ్మరులు వంశానుక్రమముగా ఆ బాధ్యత మోయుచున్నారు. ఊరు వారిని ఎరుగును. ఊరు ఎరిగియుండగనే ఆ ఎరుకను కాగితముమీదికి తెచ్చుట సులభము. ఎవరు చేసిరి, ఏ ఊరివారు, ఎవరివద్ద పని నేర్చిరి, ఇనుము ఎక్కడిది, ఏ సంవత్సరము: ఈ అయిదు వివరములు వస్తువును కొను దినముననే ఒక చీటీలో వ్రాసికొన్నచో నూరేండ్ల తరువాత ఆమ్లములు, కోణమానములు అవసరము పడవు.

పేటెంటు ఉన్నందున యోహాన్సన్ పేరు నిలిచినది. ముద్ర ఉన్నందున బాహ్కో పేరు నిలిచినది. కొలిమి ముందు కూర్చున్నవానికి నేర్పు తక్కువయి కాదు, చిట్టా వ్రాయు గుమాస్తా అతని ముంగిటికి రానందుననే అతని పేరు పోయినది. పోయిన పేర్లను ఊహించి అతికించుట చరిత్ర కాదు. ఉన్న పేర్లను పోనీయకుండుట మాత్రము నేటివారి చేతిలోని పని.